పదకొండు అంగుళాల జామచెట్టు

కొత్త ఇంటి ముందు మిగిలిన జాగా ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. టైలరు కళ్లకు అది నేలలా కనబడలేదు, బల్లమీద పరిచిన గుడ్డలా కనబడింది. ముప్పై ఏళ్లుగా పీలిక కూడా వృథా చేయని చెయ్యి మరి. పాత పేపర్లు కత్తిరించి, నేలమీద పరిచి, గాలికి లేవకుండా ఇటుక ముక్కలు పెట్టాడు. ఒక్కో కాగితం ఒక్కో చెట్టు.

నర్సరీ నుంచి తెచ్చిన ప్రతి మొక్కకీ టేపు చుట్టాడు. దానిమ్మ తొమ్మిది అంగుళాలు. పైన ఇంకో రెండు. ఎదిగే పిల్లల బట్టల్లో మడత వదిలే అలవాటు అది. ఆ లెక్కన పద్నాలుగు చెట్లు పట్టాయి, ఇంకా సందు మిగిలింది.

బావమరిది వచ్చి చూశాడు. "బావా, వీటికి గుండీలు ముందా, వెనకా?"

"నవ్వరా, నవ్వు. కాయలు కాశాక సంచీ పట్టుకొస్తావుగా!"

భార్యకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ జామమొక్క నాలుగేళ్లుగా రంగుడబ్బాలోనే ఉంది. రెండు అద్దె ఇళ్లు మారింది. 'మన నేల వచ్చేదాకా ఓర్చుకోవే' అని రోజూ నీళ్లతోపాటు ఆ మాట కూడా పోసేది. నేల వచ్చింది. ఈలోగా ఆకులు పండబారుతున్నాయి.

"వంటింటి కిటికీ ముందు పెట్టుకుంటానండీ. మధ్యాహ్నం ఎండ మొహాన కొడుతోంది."

"దానికి ఆ మూల పదకొండు అంగుళాలు ఇచ్చాగా. ముందు ప్లాను తేలనీ."

"తేలేలోగా అది పోతుంది."

పదిరోజులు కాగితాలు జరుపుతూనే ఉన్నాడు. పదకొండో రోజు పొద్దున ఆవిడ డబ్బాను ఆయన చెప్పుల పక్కన పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. అరిచే భార్యకైతే ఏదో ఒక జవాబు చెప్పొచ్చు.

టైలరు డబ్బా కోశాడు. మట్టి మాత్రం డబ్బా ఆకారంలోనే నిలబడింది. చుట్టూ వేళ్లు, రీలుకు చుట్టిన దారంలా. అన్నిటికన్నా పొడుగైనదాన్ని తడిపి, మెల్లగా విప్పి, కొలిచాడు. ఆరడుగుల రెండంగుళాలు. మళ్లీ కొలిచాడు. టేపు ఆయనకెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

లేచి కాగితాలన్నీ ఏరేశాడు.

"ఏమేవ్, ఎక్కడ పెడదాం?"

"నన్నే అడుగుతున్నారా?" ఆవిడ నడిచి వెళ్లి కిటికీకి ఎదురుగా, గోడకు దూరంగా నిలబడింది. "ఇక్కడ." ఆవిడ పాదాలు తీసిన చోటే ఆయన గునపం దింపాడు.

మిగతా మొక్కల్లో దానిమ్మ ఒక్కటి ఉంచుకుని, తక్కినవి వీధిలో పంచాడు. "ఇరుకు చేయకండమ్మా, చెట్టుకు ఊపిరాడాలి" అని ఇంటింటా బోధ. తోటలోనే పుట్టి పెరిగినవాడిలా.

జామ మాత్రం ఉన్న ఆకులన్నీ రాల్చేసింది. కొట్లో కత్తెర వదిలి, మధ్యాహ్నాలు వచ్చి ఆ పుల్లముందు గొంతుక్కూర్చునేవాడు. పదహారో రోజున కొమ్మ కణుపు దగ్గర వడ్లగింజంత ఎర్రటి చిగురు.

కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. "ఏమేవ్, బతికింది!"

ఆవిడ పొయ్యిమీంచి చూపు తిప్పలేదు. "నిన్ననే చూశాను. మీరెప్పుడు చూస్తారా అని ఊరుకున్నా."