నీలం గుర్తు నల్లా తీసిన పరువు

రోజూ పేజీకి తక్కువ రాయని నేను, ఆ శనివారం డైరీలో "ఎండ ఎక్కువ" అని రాసి ఊరుకున్నాను. మిగతాది రాయడానికి చెయ్యి రాలేదు. పిల్లలకు సైన్సు చెప్పబోయి నిండు సభలో నేనెలా ఉడికిపోయానో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, కానీ మెల్లగా. పక్కగదిలో మా అమ్మాయి ఉంది, వింటే తనకు మళ్లీ నవ్వు మొదలవుతుంది.

రెండేళ్ల కిందటి జూలై. జగిత్యాల దగ్గర సైన్సు మాస్టరుగా రిటైరై, అబూదాబీలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉండే మా అమ్మాయి సుజాత ఇంట్లో దిగి వారమైంది. అప్పటికే బాల్కనీ, దాని కింద పార్కింగు, రెండూ కంఠతా వచ్చేశాయి. నా అవస్థ చూడలేక సుజాత బిల్డింగులో మాట వేసింది: మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలందరికీ మా బాపు సైన్సు చెబుతాడని. కింది అంతస్తు రాజన్న, ముసఫ్ఫాలో గ్యారేజీ ఫోర్‌మన్, అందరి తరఫునా వచ్చి తేల్చేశాడు.

"సార్, ఇయ్యాల ఒక్క క్లాసు చెప్పున్రి. మంచిగుంటే పిల్లలను మీకాడికే పంపుతం. లేకుంటే ఫోన్ల చెప్పే ట్యూషన్ ఉండనే ఉన్నది."

అంటే పోటీ నాకూ ఫోనుకూ. ఓడితే మళ్లీ బాల్కనీయే గతి. అయినా నేను జాలిపడ్డాను, ఫోను మీద.

సర్వీసంతా నన్ను మోసం చేయని ప్రయోగం ఒకటుంది. వేడినీళ్లలో ఒక చుక్క, చన్నీళ్లలో ఒక చుక్క సిరా వేయాలి. వేడినీళ్లలో కణాలు జోరుగా కదులుతాయి కాబట్టి సిరా గబగబా పాకుతుంది. చిన్నవాళ్లకు రంగు, పెద్దవాళ్లకు కణాలు. స్నానాలగదిలో ఎర్రగుర్తు నల్లా కింద ఒక గాజు మగ్గు, నీలం గుర్తు నల్లా కింద ఒకటి నింపి, "వేడి", "చల్లన" అని చీటీలు అంటించాను. చెయ్యి కాలకుండా పిడి ఉన్న మగ్గులే ఎంచుకున్నాను. జాగ్రత్తంటే నాది!

పిల్లలూ పెద్దలూ హాల్లో చుట్టూ చేరాక సిరా వేశాను. "చల్లన" మగ్గులో అది పెళ్లింట్లో పుకారులా క్షణంలో అంతటా పాకింది. "వేడి" మగ్గులో సర్కారీ ఫైలులా అడుగున కూర్చుంది.

"తాతా, ఉల్టా అయ్యింది," అంది రాజన్న చిన్న కూతురు శ్రావ్య. మూడో తరగతి.

"కాలేదమ్మా, బాగా చూడు."

"చూసిన. ఉల్టానే."

పదో తరగతి చదివే దాని అన్న అఖిల్ పెన్ను తీశాడు. "ఎందుకట్ల సార్?"

తెలియదు అంటే సరిపోయేది. కానీ ఆ మాట మాస్టర్ల నోట రాకూడదని అప్పట్లో నా నమ్మకం.

"ఇవి ఉప్పు తీసేసిన సముద్రం నీళ్లు కదా. చల్లగా ఉంటే కణాలకు స్వేచ్ఛ ఎక్కువ."

"మరి వేడిగుంటే?"

"అలసట ఎక్కువ."

అఖిల్ "అలసట" అని బుద్ధిగా రాసుకున్నాడు. రాజన్నకు దగ్గొచ్చింది.

"తాతా, సల్లనీళ్లల్ల వేలు పెట్టి చూడు," అంది శ్రావ్య.

"పెడితే ఏం తెలుస్తుందే?" అంటూనే పెట్టాను. అప్పుడు నేను చేసిన శబ్దం ఏ తరగతి పాఠంలోనూ లేదు.

సుజాత వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "బాపూ, నీళ్లు ఏడ పట్టినవ్?"

"నీలం గుర్తు నల్లా కాడ."

"మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగుతది గద. ఎండకాలం నీలం గుర్తు నల్లాల ఉడుకునీళ్లే వస్తయ్. గీజర్ బంద్ పెడితే ఇంట్ల నీడకు అండ్ల నీళ్లు సల్లారుతయ్, ఎర్రగుర్తు నల్లాల అవే వాడుకుంటం."

"నాకెందుకు చెప్పలే?"

"రోజూ బకెట్ నింపి పెడుతున్న. నువ్వు నల్లా ముట్టిందెప్పుడు?"

హాలంతా నవ్వు. అఖిల్ "అలసట" కొట్టేశాడు.

"ఖలాస్ రాజన్నా, ఫోనే గెలిచింది," అన్నాను వేలు ఊదుకుంటూ.

"ఫోన్ల సారు తప్పు చెప్తే ఎవ్వలు పట్టుకుంటరు సార్? ఈడ మా బిడ్డనే పట్టుకున్నది. రేపటి సంది పంపుతం."

శ్రావ్య చెయ్యెత్తింది. "నాదొక షరతు. ఏది చెప్పినా ముందుగాల తాత వేలు పెట్టి చూడాలె."

నేను లేచి నిలబడి, కాలిన వేలు పైకెత్తి, సకల కణాల సాక్షిగా ప్రమాణం చేశాను: స్వయంగా వేలు పెట్టి చూడకుండా ఇక ఈ జన్మలో ఏ పాఠమూ చెప్పను.

చేశాక చూసుకున్నాను. తర్వాతి పాఠం కరెంటు.