రెండు వేళ్ల సందు

మొన్న వనపర్తిలో మా మనుమడు కారుకు కొత్త చక్రాలు వేయించుకుంటానని బయలుదేరితే, ఇంట్లో తోచక నేనూ వెంట పోయాను. కారుతో పాటు వచ్చిన చక్రాలు వాడి కంటికి ఆనలేదు. బక్క కాళ్ల మీద నిలబడ్డట్టుందట. ఇంకా పెద్దవి, ఇంకా వెడల్పువి కావాలట. దుకాణం అతను అంగుళాల లెక్క చెబుతుంటే వీడు అన్నింటికీ తల ఊపుతున్నాడు. నాకు ఉండబట్టలేదు. కుర్చీలోంచి లేచి, "నలుగురు కూసున్నంక గూడ రుద్దుకోదు గద, నాయనా?" అని అడిగాను. అతను బోల్టులు బిగించే పానా కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "మా అవ్వ ఇంజనీరు" అని మనుమడు నవ్వాడు. ఆ ప్రశ్న నాకు ఎట్లా వచ్చిందో వాడికి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు.

మా నాయిన ఎడ్లబండ్ల చక్రాలు చేసేవాడు. అటు తెలకపల్లి, ఇటు రాజోలి నుంచి కూడా రైతులు వెతుక్కుంటూ వచ్చేవారు. చక్రం చుట్టూ తాడు తిప్పి కొలత తీసి, దానికన్నా రవ్వంత చిన్నగా ఇనుప పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి తొడిగేవాడు. నీళ్లు చల్లగానే పట్టా ముడుచుకుని చెక్కను కరిచి పట్టేది. ఆ ఆవిరి వాసన, మాడిన చెక్క వాసన మా ఇంటి వాసనలు. నాయిన కొలతకు తిరుగు లేదు. ఆయన ఆచారానికి అంతకన్నా తిరుగు లేదు. కొత్త చక్రానికి పసుపు కుంకాలు పెట్టి కొబ్బరికాయ కొట్టేదాకా దాని మీద బరువు మోపనిచ్చేవాడు కాదు. ఒకసారి మా చిన్నాయన తెలియక కొత్త బండి నొగ మీద కూర్చుంటే, తమ్ముడని కూడా చూడకుండా వారం రోజులు మాట్లాడలేదు. మా చిన్నాయనకు అది శిక్షో సుఖమో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇట్లాంటి ఇంట్లో పుట్టి మా అన్న మోటారు మీద మనసు పడ్డాడు. ఒక పెద్దింట్లో డ్రైవరుగా చేసి, వాళ్లు వద్దనుకున్న పాత మోటారును తెచ్చుకుని కిరాయికి నడిపేవాడు. నాయిన దానికి ఇనుప గాడిద అని పేరు పెట్టాడు. తిట్టేది పగలంతా, సాయంత్రం మాత్రం ఎవరూ చూడకుండా తన పైపంచెతో దాని దీపాలు తుడిచేవాడు. చూసినా చూడనట్టుండడం మా ఇంట్లో అందరికీ అలవాటే.

అది రెండో ప్రపంచ యుద్ధం, లడాయి కాలం. టైర్లన్నీ ఫౌజుకే పోతున్నాయనేవారు. పర్మిటు లేనిదే కొత్త టైరు లేదు, పర్మిటు మాలాంటి వాళ్లకు రాదు. మోటారు వెనక టైర్లు రెండూ అరిగి, లోపల తోలు ముక్కలు పెట్టి కుట్టినా ఆగక, మూలన పడ్డాయి. చివరకు గద్వాలలో దిమ్మెల మీద నిలబెట్టిన ఒక పెద్ద మోటారు చక్రాలు రెండు దొరికాయి. అన్న వాటిని బండి మీద వేసుకుని వచ్చిన రోజు ఇంట్లో పండుగ. బోల్టు రంధ్రాలు సరిగ్గా కలిశాయి. టైరు మాత్రం పాతదానికన్నా ఎత్తు, వెడల్పు కూడా. బిగించాక టైరుకూ పైన మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు మిగిలింది.

అన్నకు ఆ సందు మీద అనుమానం ఉంది. "నాయినా, నలుగురిని ఎక్కించి సూడాలె. బరువుకు కమాన్లు దిగుతయి" అన్నాడు.

"దసరా నాలుగు దినాలుంది. పూజ గాక ముందు మనిషిని మోపుతవా? నా బతుకుల ఇరుసు కిందికి దిగంగ సూడలే" అన్నాడు నాయిన.

నిజమే, ఆయన చూడలేదు. ఎడ్లబండికి కమాన్లు ఉండవు. ఎక్కినా దిగినా ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. ఖాళీ బండి కొలతే నిండు బండి కొలత. మోటారుకు ఇరుసు మీద ఇనుప పట్టీల కమాన్లు, వాటి మీద మనుషులు. మనుషులు ఎక్కితే కమాన్లు వంగి, మడ్‌గార్డు వచ్చి టైరు మీద కూర్చుంటుంది. పోనీ జొన్న బస్తాలు వేసి చూస్తానన్నాడు అన్న. బరువు బరువేనన్నాడు నాయిన. అన్న నా దిక్కు చూశాడు. నాకప్పుడు పదహారో ఏడు, పెళ్లయి అత్తగారింటికి ఇంకా పోలేదు, నాయినకు నా మాటంటే ప్రాణం. నేను అడిగితే ఒప్పుకునేవాడు. "నాలుగు దినాలే గదన్నా, ఆగరాదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

రెండో రోజు తెల్లవారగానే నాయినకు కడుపులో నొప్పి లేచింది. ఇల్లంతా దొర్లాడు. ఊళ్లో డాక్టరు పొట్ట నొక్కి చూసి, "పేగు మెలివడ్డది. పాలమూరు దవాఖానకు తీస్కపోండ్రి, ఆపరేషన్ చెయ్యాలె. జల్ది పోండ్రి, మధ్యాహ్నం దాటితే నాది జిమ్మా కాదు" అన్నాడు. ఇక పూజ లేదు, ఏమీ లేదు. అమ్మా, నేనూ, చిన్నాయనా వెనక సీట్లో నాయినను ఒళ్లో వేసుకుని కూర్చున్నాం. అంత బాధలోనూ నాయిన అడిగాడు:

"కొబ్బరికాయ కొట్టినవార?"

"కొట్టిన నాయినా" అన్నాడు అన్న. కొట్టలేదు.

కొత్తకోట దాటేసరికి రబ్బరు కాలిన వాసన వచ్చింది. అన్న ఆపి, కిందికి వంగి చూసి, లేచాడు. సందు లేదు. నేనూ చిన్నాయనా దిగాం. బండి కొంచెం లేచింది. అన్న మెల్లగా నడుపుతుంటే చిన్నాయన నడుస్తూ, నేను పరుగెత్తుతూ వెంట పోయాం. ఒక కల్వర్టు దగ్గర గుంతలో చక్రం పడింది. మడ్‌గార్డు బోల్టు టైరును నిలువునా చీల్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ టపాకాయ పేలితే వినిపిస్తుంది. వేరే టైరు లేదు, లడాయి కాలంలో ఎవరి దగ్గరా లేదు. పొలంలోంచి ఒక రైతు ఎడ్లబండి తోలుకొచ్చాడు. నాయినను గడ్డి మీద పడుకోబెట్టాం. ఆయన చెయ్యి బండి చక్రాన్ని తడిమింది. "పట్టా వదులైంది, సూడు" అన్నాడు ఆ రైతుతో. అవే ఆయన ఆఖరి మాటలు. పాలమూరు ఇంకా చాలా దూరం ఉండగానే అమ్మ ఏడ్వడం మొదలుపెట్టింది.

అన్న ఆ మోటారును మళ్లీ ముట్టుకోలేదు. నాయిన కూర్చునే చోటే కూర్చుని బండ్లు చేశాడు. ప్రతి కొత్త బండి మీదా కొబ్బరికాయ కొట్టకముందే తానెక్కి కూర్చునేవాడు. ఎడ్లబండికి దానివల్ల ప్రయోజనం ఏమీ లేదని ఆయనకు తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి అనుంటే బాగుండేది.

దుకాణంలో చక్రాలు బిగించాక అందరికన్నా ముందు నేనే ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. మరో ముగ్గురిని పిలిపించి ఎక్కించాను. అతను టైరు మీద వేళ్లు పెట్టి, "రెండు వేళ్లు పడ్తున్నయమ్మా, ఫికర్ లేదు" అన్నాడు. మనుమడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాయిన పోయి యాభై ఏళ్లు దాటింది. అన్నా పోయాడు. ఇన్నేళ్లూ ఎట్లాగో గడిచిపోయాయి గాని, అన్నను ఆగమన్న ఆ నాలుగు దినాలు మాత్రం నాకు ఇంకా గడవలేదు.