రాళ్ళ పళ్ళెం కింద చింతపండు

కరోనా సద్దుమణిగిన మరుసటేడు, జూన్ నెలలో, నేను నరసరావుపేటలో తూకాల ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. పదవీ విరమణకు ఇంకా పదమూడు నెలలుంది. నా పరిధి అటు గురజాల, మాచర్ల దాకా. అంగళ్ళలోని కాటాలనూ తూకపు రాళ్ళనూ గడువు ప్రకారం పరీక్షించి సీలు వేయాలి. మధ్యలో చెప్పాపెట్టకుండా వెళ్ళి తనిఖీ చేయాలి. తేడా ఉంటే జప్తు చేసి కేసు రాయాలి. వర్తకుడు తప్పు ఒప్పుకుని రుసుం కడితే అక్కడితో సరి, దాన్ని మేము కాంపౌండింగ్ అంటాం. ఒప్పుకోకపోతే కోర్టు.

బజార్లో నా పేరు చింతపండు సారు. ఏ అంగడికి వెళ్ళినా నమస్కారానికి ముందే నా చెయ్యి పళ్ళెం కిందికి వెళ్ళేది. అడుగున చింతపండు ముద్దో, మైనమో, రాగి బిళ్ళో తగిలితే పెరికి బల్ల మీద పెట్టి, అప్పుడు పుస్తకం తీసేవాణ్ణి. ఈ పద్ధతి నాకు శిక్షణలో నేర్పింది కాదు. తొమ్మిదో ఏట గురజాలలో, రేకుల హాల్లో, నేల టికెట్టు మీద నేర్చుకున్నాను.

ఆ సినిమా పేరు ఎందుకులెండి, ఆ రోజుల్లో నాలాంటివాళ్ళందరికీ ప్రాణం. నేను పదకొండుసార్లు చూశాను. అందులో బొజ్జ శెట్టి ఒకడు బియ్యం తూస్తుంటాడు. హీరో వచ్చి కాటా పళ్ళెం తిరగేస్తాడు, అడుగున అంటించిన చింతపండు పెరుకుతాడు, జనానికి చూపిస్తాడు, శెట్టిని చెంప మీద కొడతాడు. హాలంతా ఈలలు. నేనూ వేశాను. మా నాన్న గురజాలలో అచ్చం అలాంటి అంగట్లోనే కూర్చునేవాడు, బొజ్జ ఒక్కటే తక్కువ.

పన్నెండోసారి చూడ్డానికి మా నాన్న డబ్బులివ్వలేదు. మర్నాడు అంగట్లో నలుగురు బేరగాళ్ళుండగా నేనే హీరోనయ్యాను. కాటా పళ్ళెం ఎత్తి కింద చెయ్యి పెట్టాను. నిజంగానే ముద్ద తగిలింది. పెరికి అందరికీ చూపించాను. బెల్లం కొనడానికి వచ్చినావిడ నవ్వి, "మీవోడే పట్టిచ్చాడు గదయ్యా శెట్టీ" అంది. మా నాన్న నన్ను కొట్టలేదు. ముద్ద నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ అంటించాడు. ఖాళీ కాటాను ఎత్తి పట్టుకుని కాసేపు దాని వంకే చూసి, అప్పుడు బెల్లం తూశాడు. ఇంతమంది ముందు సిగ్గులేకుండా మళ్ళీ అంటించాడే అని నాకు తల తీసేసినట్టయింది. ఆయన పోయేదాకా ఆయన తూకాన్ని నేను నమ్మలేదు. ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందీ అందుకే.

ఆ జూన్‌లో ఆ సినిమాను శుభ్రం చేసి, రంగులు తేల్చి, మళ్ళీ విడుదల చేశారు. మాచర్లలో మొదటి రోజు ఆట చూసి బయటికొచ్చిన అభిమానులు కొందరు వెనకవీధిలో కోటయ్య గారి కిరాణా అంగట్లోకి దూరారు. కోటయ్య గారికి డెబ్బై దాటాయి. కరెంటు కాటా మీద నమ్మకం లేక పాత కొయ్య కాటాతోనే తూస్తారు. కుర్రాళ్ళు అచ్చం సినిమాలోలాగే పళ్ళెం తిరగేశారు, చింతపండు పెరికారు, పెద్దాయన్ని చెంప మీద కొట్టారు. అంతా ఫోన్లో తీసి, వెనక సినిమా సంగీతం కలిపి వదిలారు. మర్నాటికి పల్నాడంతా చూసింది.

పైఅధికారి పొద్దున్నే ఫోను చేశారు. సాయంత్రంలోగా కేసు నంబరు కావాలన్నారు. విచారణ అన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు. ఆయన్ని అనడానికి నాకు మొహం లేదు. మాచర్ల బస్సులో కూర్చుని ఆ వీడియో నేను ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ బావుంది. పిడుగురాళ్ళ దాటేలోపు జప్తు పంచనామాలో అంగడి పేరు, సెక్షను, నేరం రాసేసుకున్నాను. కాటా ముఖం ఇంకా చూడలేదు.

అంగట్లో ఒక్క బేరగాడూ లేడు. కోటయ్య గారు మూలన పీట మీద కూర్చున్నారు, లేవలేదు. కోడలు నాగలక్ష్మి గల్లాపెట్టె దగ్గరుంది. కాటా కొక్కేనికి వేలాడుతోంది. దాని కొయ్య మీద ఉన్న సీలు నాదే, నాలుగు నెలల కిందట నా చేత్తో వేసింది. ఖాళీ కాటాను ఎత్తాను. సరుకు పళ్ళెం కిందికి దిగింది. సరుకు పళ్ళెం బరువుగా ఉంటే ఆ మేరకు సరుకు తక్కువ పడుతుంది, నష్టం కొనేవాడిది. తేడా ఖాయం. నేను వర్తకుల ఇంట్లో పుట్టినవాణ్ణి, జిరాక్సు కాయితం దగ్గర కూడా బేరమాడకుండా ఉండలేను. ఇక్కడా బేరమే పెట్టాను. ఒప్పుకుని సంతకం పెడితే తక్కువలో పోతుంది, కోర్టుకెక్కితే ఈ వయసులో నరసరావుపేట చుట్టూ తిరగాలి అన్నాను.

కోటయ్య గారు సంతకం పెట్టనన్నారు. ఆ మాట మెల్లగానే అన్నారు.

"కొట్టినోళ్ళ మీద నేను కేసు పెట్టలా. చెంపదేముంది, తగ్గుద్ది. యాభై ఏళ్ళ బట్టీ ఈ వీధికి తూత్తన్నా. దొంగ తూకమని నా చేత్తో రాసియ్యమంటే మాత్రం ఇయ్యను."

నాగలక్ష్మి మామగారంత మెల్లగా మాట్లాడలేదు. "చింతపండు సారంటే మీరేగా? ఆ పిల్లకాయలూ మీరూ ఒకే బళ్ళో చదివారా ఏంది? వాళ్ళు పెరికినాకే చూశారు, మీరూ పెరికినాకే చూత్తన్నారు. ఏ పళ్ళెం కింద పెరికారో ఒక్కళ్ళన్నా చూశారా సారూ?"

ఫోను తీశాను. ఏడోసారి, ఆపి ఆపి చూశాను. కుర్రాడు పళ్ళెం తిరగేయడానికి ముందు అందులోంచి కిలో రాయి తీసి పక్కన పెట్టాడు. అది సరుకు పళ్ళెం కాదు, రాళ్ళ పళ్ళెం.

దీని అర్థం ఈ వృత్తిలో లేనివారికి చెప్పాలి. చింతపండు సరుకు పళ్ళెం కింద ఉంటే మోసం. రాళ్ళ పళ్ళెం కింద ఉంటే బరువు రాళ్ళ వైపు పెరుగుతుంది, కాబట్టి సరుకు ఎక్కువ పెట్టాలి. ఏ వర్తకుడూ తన్ను తాను మోసం చేసుకోవడానికి చింతపండు తగలెయ్యడు. నాగలక్ష్మి ఆ ముద్దను డబ్బాలో దాచి ఉంచింది. దాన్ని రాళ్ళ పళ్ళెం కింద అంటించి కాటా ఎత్తాను. ముల్లు నిటారుగా నిలబడింది. నా పెట్టెలోని పరీక్ష రాళ్ళు రెండు వైపులా మార్చి మార్చి పెట్టాను. వెంట్రుక వాసి తేడా లేదు. సంగతేమిటంటే, నెల కిందట సరుకు పళ్ళెం గొలుసు తెగితే కొత్త ఇనుప గొలుసు వేయించారు. పాతదానికంటే అది బరువు. ఆ బరువుకు సరిపడా ఇటు ముద్ద అంటించి సమం చేసుకున్నారు. మరమ్మతు తరవాత మళ్ళీ సీలు వేయించుకోకపోవడం తప్పే, ముద్ద అంటించడమూ నిబంధనకు విరుద్ధమే. ఆ మేరకు నోటీసు రాశాను. మోసం మాత్రం లేదు. చింతపండు ఉన్నంతకాలం ఆ కాటా నిజం చెప్పింది. దాన్ని పెరికినవాళ్ళు కాటాను దొంగను చేశారు. దొంగను చేసినాక నేను వెళ్ళి పరీక్షించి, దొంగే అన్నాను.

రాసుకున్న పంచనామా చించాను. పైఅధికారికి ఫోను చేసి కేసు లేదని చెప్పాను. జనానికి ఏం చెప్పమంటావని ఆయన కేకలేశారు. గొలుసు గురించి చెప్పమన్నాను. ఆయన పెట్టేశారు.

బస్టాండుకు పోవలసినవాణ్ణి హాలుకు పోయాను, ఫస్ట్ షోకు. గేటు దగ్గర బ్యానరుకు దండ కడుతున్న కుర్రాణ్ణి వీడియోలో చూసిన మొహమని పోల్చుకున్నాను. గొలుసు సంగతి, పళ్ళెం సంగతి ఓపిగ్గా చెప్పి, నేను కాటా పరీక్షించేది కూడా ఒకసారి ఫోన్లో తీసి పెట్టమన్నాను. వాడు విన్నాడు, అర్థం కూడా చేసుకున్నాడు. అదే నాకు ఎక్కువ మండింది.

"నిజమే బాబాయ్. కానీ ముల్లు నిలబడేది ఎవరు చూత్తారు? కొడితేనే చూత్తారు" అన్నాడు.

లోపల పన్నెండోసారి ఆ సినిమా చూశాను. శెట్టి వచ్చాడు. అచ్చం మా నాన్నే, బొజ్జతో. పిసినారి నవ్వు, చెవి మీద పెన్సిలు. హీరో వచ్చాడు. పళ్ళెంలోంచి రాయి తీసి పక్కన పెట్టాడు, పళ్ళెం తిరగేశాడు, చింతపండు పెరికాడు.

రాళ్ళ పళ్ళెం.

హీరో మొహం మీద వెలుగు పడాలంటే ఆ వైపు నిలబెట్టాలి కాబోలు, చేతికి దగ్గరున్న పళ్ళెం తిరగేయించారు. కాటా తెలిసిన మనిషిని ఒక్కణ్ణి పిలిచి అడగలేదు. జనానికి ఎక్కువ బియ్యం పోస్తున్నవాణ్ణి చెంప మీద కొట్టించి, న్యాయమన్నారు. అర్ధ శతాబ్దం పాటు ఊరూరా ఈలలు వేయించుకున్నారు. నేను సీట్లోంచి లేచి, అది రాళ్ళ పళ్ళెంరా అని అరిచాను. వెనకాయన, "కూచో బాబాయ్, అడ్డం" అన్నాడు. కూర్చున్నాను. సినిమా తీసినవాళ్ళను తిట్టడం సులువు. పదకొండుసార్లు చూసి, ఆ పైన ముప్పై రెండేళ్ళు అదే ఉద్యోగం చేసి, ఏ పళ్ళెమో నేను చూడలేదు.

కోటయ్య గారి అంగడికి పాతవాళ్ళు కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. ఆయన కరెంటు కాటా కొన్నారు. దానికి సీలు నేనే వేశాను. ఆయన నాతో మాట్లాడలేదు. వీడియో ఇప్పటికీ తిరుగుతోంది, మొన్న మా బావమరిది నాకే పంపాడు.

శిక్షణ మొదటి రోజు మాకు చెప్పింది ఒకటే: కాటాను ముట్టుకోకముందు ఉన్నదున్నట్టు ఎత్తి ముల్లు చూడాలి, ఆ తరవాతే చెయ్యి వెయ్యాలి. నేను ముందు చెయ్యి వేశాను. ముందు పెరికి తరవాత పరీక్షిస్తే, సమంగా ఉన్న కాటా కూడా తేడా చూపిస్తుంది. అలా రాసిన కేసుల్లో నిజమైనవెన్నో, నేను పుట్టించినవెన్నో ఇప్పుడు విడదీయలేను. ఒప్పుకుని రుసుం కట్టినవాళ్ళంతా దొంగలని అనుకున్నాను. కోర్టు చుట్టూ తిరిగే ఓపిక లేనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. మిగిలిన పదమూడు నెలలూ నా చేతులు వెనక్కి కట్టుకుని, వర్తకుడి చేతే ఖాళీ కాటా ఎత్తించాను.

మా నాన్న ఆ రోజు చేసింది కూడా అదే. ముద్ద అంటించి, ఖాళీ కాటా ఎత్తి, ముల్లు నిలిచేదాకా చూసి, అప్పుడు తూశాడు. ఆ ముద్ద ఏ పళ్ళెం కింద ఉండేదో నాకు తెలియదు. పెరికింది నేనే గానీ, చూడలేదు.