పెద్దవ్వ మరిచిపోయిన తెలుగు

నిజామాబాద్‌లో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక కోటగిరి దగ్గరున్న మా ఊరికి వచ్చేశాను. మెథడిస్టు చర్చి వెనక గల్లీలో మా అమ్మ కట్టించుకున్న రెండు గదులు ఉన్నాయి. నేను వచ్చేనాటికే గల్లీలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మిగిలినవాళ్లలో అరవై రెండేళ్ల నేనే చిన్నదాన్ని. పొద్దున పాలబండి హారను, సాయంత్రం ఎవరో ఒకరి దగ్గు. నాట్లప్పుడు, కోతలప్పుడు తప్ప ఊళ్లో అంతకుమించి చప్పుడు ఉండదు. బీపీ చూడమనో, మాత్రల పేరు చదివి చెప్పమనో వచ్చేవాళ్లు నన్ను సిస్టరమ్మా అనేవాళ్లు. చివరికి అదే నా పేరైపోయింది.

మా ఎదురింట్లో పెద్దబాపు, పెద్దవ్వ ఉండేవాళ్లు. చుట్టరికం కాదు, ఊరి వరుస. పిల్లలు పుట్టారు గానీ నిలవలేదు. మా అమ్మ మంచాన పడ్డప్పుడు నేను టౌన్లో డ్యూటీలో ఉంటే, గంజి కాచి తాగించింది పెద్దవ్వే. వాళ్లు మా చర్చికి వచ్చేవాళ్లు కాదు గానీ, అమ్మను సాగనంపిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆమే.

పెద్దవ్వది ఇక్కడి పుట్టుక కాదు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో చెరుకు కొట్టడానికి నది అవతలి మరాఠా దేశం నుంచి ఎడ్లబండ్ల మీద జనం వచ్చేవారు. అలా తల్లితో వచ్చిన పిల్ల, చెరుకు తోటలో పని చేసే పెద్దబాపును చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు పోయి వరి, సోయా వచ్చాయి. ఆ బండ్లు రావడం మానేశాయి. ఆమె మాత్రం మా అందరికంటే చక్కగా మా ఊరి తెలుగు మాట్లాడేది. ఆమెకు ఇంకో భాష ఉందన్న సంగతే మేము మరిచిపోయాం.

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున పెద్దబాపు మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, జర వచ్చి సూడు. మూడు దినాల సంది ఒక్క తెలుగు ముక్క మాట్లాడ్తలేదు. ఏం జెప్పినా నా మొఖం దిక్కు సూస్తది. ఊకె మరాఠీలనే ఏందో అడుగుతది."

వెళ్లి చూశాను. పెద్దవ్వ వాకిట్లో నిలబడి, రోడ్డువైపు చెయ్యి చూపిస్తూ ఏదో గబగబా అడుగుతోంది. నాకు అంగట్లో ధర అడిగేంత మరాఠీ వచ్చు. ఊళ్లో మిగిలినవాళ్లదీ అంతే. బాగా వచ్చిన పాతవాళ్లు ఒక్కొక్కరే పోయారు. పైగా ఆమెకు పళ్లు లేవు, మాట జారిపోతోంది. 'గాడీ', అంటే బండి, ఆ ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ వినబడింది. మేము జవాబు చెప్పకపోతే తలుపు పట్టుకుని ఏడ్చేది.

ఆటోలో బోధన్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాను. వయసు వల్ల మతిమరుపు ముదిరిందని, కొందరికి తర్వాత నేర్చినవి పోయి చిన్ననాటివి మిగులుతాయని చెప్పి, నెమ్మదిగా ఉండటానికి మాత్రలు రాశాడు. వేళకు నేనే వేశాను. రెండు వారాలు ఆమె గోడకు ఆనుకుని జోగుతూ కూర్చుంది. ఏడుపు ఆగింది. నేను దాన్ని నయం కావడం అనుకున్నాను. ముప్పై ఏళ్లు మంచాల పక్కన నిలబడిన మనిషినై ఉండి అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పెద్దబాపే వద్దన్నాడు. "గా గోలీలు బంద్ జేయ్, సిస్టరమ్మా. మాట సమజ్ కాకున్న మంచిదే. మనిషి మాట్లాడాలె."

డాక్టరును అడిగి ఆపేశాను. తర్వాతి వారం అంగటి రోజున బోధన్ వెళ్లాను. ఉల్లిగడ్డలు అమ్మే ఒకామె నాకు తెలుసు. యాభై ఏళ్లుంటాయి, నది అవతల బిలోలి దిక్కు మనిషి. బేరమాడేవాళ్లను మరాఠీలో తిట్టి, వెంటనే తెలుగులో నవ్వించేది. సంగతి చెప్పాను. ఆమె చేతిలోని తరాజు కింద పెట్టింది.

"మా తల్లి గూడ గిట్లనే పోయింది. అంగడి ఎత్తినంక వస్త, నువ్వు పో."

అన్నట్టే వచ్చింది. పెద్దవ్వ మూలన గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. ఉల్లిగడ్డలామె పక్కనే చతికిలబడి, "కాయ్ ఝాలం, ఆజీ?" అంది. ఏమైందవ్వా అని.

పెద్దవ్వ గిర్రున తిరిగింది. ఆమె రెండు చేతులూ పట్టేసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఎన్నాళ్ల నుంచి గొంతులో అడ్డుపడి ఉన్నాయో ఆ మాటలన్నీ. మధ్యలో నవ్వింది కూడా. పెద్దబాపు గడపలో కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం వంక చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఏమంటున్నది?"

"చెరుకు కొట్టుడు అయిపోయిందట. అందరి బండ్లు పోయినయట. మా అమ్మ నన్ను ఇడిసిపెట్టి పోదు, మా బండి ఎందుకు రాలే అని అడుగుతున్నది. ఊరి పేరడిగితే మా ఊరు, మా ఊరు అంటది గంతే."

"నా గురించి ఏమన్న అన్నదా?"

ఉల్లిగడ్డలామె నా వైపు చూసింది. తర్వాత చెప్పింది.

"ఈ ఇంటి ముసలాయన మంచోడంట. యాళ్లకు అన్నం పెడ్తడంట. కాని, పరాయోళ్ల ఇంట్ల ఎన్ని దినాలుంట అంటున్నది."

పెద్దబాపు తల వంచుకున్నాడు. కండువాతో ముక్కు తుడుచుకుని, "మంచోడన్నదా?" అన్నాడు.

"అన్నది, కాకా."

"గంతే సాలు."

ఉల్లిగడ్డలామెను ఆటో ఎక్కించి తిరిగి వస్తుంటే కాలువ గట్టు మీద పెద్దబాపు ఆగిపోయాడు. నా వైపు చూడకుండా నీళ్లవైపు చూస్తూ చెప్పాడు.

"లగ్గమైన కొత్తల వాళ్లమ్మ వస్తుండె. ఇద్దరు కూసోని మరాఠీల మాట్లాడి నవ్వుతుండ్రి. నన్నే నవ్వుతున్నరనుకున్న. ఒకనాడు కసిరిన. నా ఇంట్ల గా మాటలు వద్దు, తెలుగులనే మాట్లాడుమన్న. గప్పటి సంది మళ్ల మాట్లాడలే. వాళ్లమ్మతోని గూడ తెలుగులనే మాట్లాడింది. గా ముసలమ్మకు తెలుగు యాడిది? వచ్చి, ఊకె కూసోని, పోతుండె. తర్వాత వచ్చుడు బంద్ జేసింది."

పెద్దవ్వ ఒక్కతే ఉందని గుర్తుచేసి అతన్ని ఇంటివైపు నడిపించాను.

ఆ తర్వాత ప్రతి అంగటి సాయంత్రం ఉల్లిగడ్డలామె వచ్చి ఓ గంట కూర్చుని పోయేది. పెద్దబాపు ఆమె దగ్గర మాటలు నేర్చుకున్నాడు. డెబ్బై అయిదేళ్లవాడు, చదువు రానివాడు, నోటితో పదే పదే అనుకుంటూ తిరిగేవాడు. 'జేవలీస్ కా?' అంటే తిన్నావా. 'గాడీ ఉద్యా యేణార్' అంటే బండి రేపొస్తుంది. తప్పు పలికితే పెద్దవ్వ చిన్నపిల్లలా నవ్వేది. అతను కూడా నవ్వేవాడు. ఆ రెండు మూడు నెలలు ఆ ఇంట్లో బాగానే గడిచాయి.

అయితే ఆ బండి మాట ఆమె నమ్మింది. రేపొస్తుందంటే ఒక పొద్దున నిజంగానే రెండు చీరలు మూట కట్టుకుని, రోడ్డు దగ్గరి మోరీ గోడ మీదికి వెళ్లి కూర్చుంది. నేను బతిమాలాను, లేవలేదు. పెద్దబాపు గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టి పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం నేను అన్నం పట్టుకెళ్తే ఇద్దరూ అక్కడే తిన్నారు. ట్రాక్టర్లు, కోటగిరి ఆటోలు పోతున్నాయి. ఒక్కోదాన్ని ఆమె తల ఎత్తి చూసేది. ఎండ దిగాక తనే లేచి, మూట అతని చేతికిచ్చి ఇంటివైపు నడిచింది. ఆ రోజు తర్వాత అతను బండి మాట మళ్లీ ఎత్తలేదు.

వానలు మొదలయ్యేసరికి ఆమెకు మరాఠీ కూడా పోయింది. ముందు ఉల్లిగడ్డలామెను గుర్తుపట్టడం మానేసింది, తర్వాత అడగడం మానేసింది. గొంతు దిగేది పలచటి జావ మాత్రమే. నేను ఎన్నోసార్లు చూసిన దారే అది, ఎంత దూరం మిగిలిందో నాకు తెలుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం ఊపిరి మారింది. పెద్దబాపును పిలిచాను.

"నా మాట ఇనవడ్తదా సిస్టరమ్మా?"

"అన్నిటికంటే ఆఖరుకు పొయ్యేది చెవులే అంటారు. మాట్లాడు పెద్దబాపూ."

మరాఠీలో ఏదైనా అంటాడనుకున్నాను. అతను ఆమె చెవి దగ్గరికి వంగి తెలుగులో మొదలుపెట్టాడు. నాట్లు పడ్డాయని, కాలువ నిండుగా వస్తోందని, పోయిన పిల్లల పేర్లు, తనొకనాడు కసిరిన పాత మాటలు, ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోయాడు. ఒక్కసారి తల తిప్పి నాతో, "మరాఠీల నాకు రెండే మాటలొస్తయి బిడ్డా, జెప్పేది శానా ఉన్నది" అన్నాడు. నేను బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డాను. చాలాసేపటికి లోపల మాట ఆగింది.

పెద్దవ్వ పోయిన పదకొండో రోజున ఉల్లిగడ్డలామె చీర తెచ్చి పెట్టి, "ఆజీ వాళ్ల ఊరికి కబురు జెయ్యాలె గదా కాకా, ఏ ఊరు?" అని అడిగింది.

పెద్దబాపు ఆ చీర అందుకుని గూట్లో పెట్టాడు.

"నది అవతల" అన్నాడు. "పేరు ఒకపారి జెప్పింది. అడుగుత అడుగుత అనుకున్న, అడగలే."

ఇప్పుడతనికి రెండు పూటలా అన్నం మా ఇంట్లోనే. ఎక్కువ మాట్లాడడు, పెట్టింది తిని పళ్లెం కడిగి బోర్లించి వెళ్తాడు. ఉల్లిగడ్డలామె మాత్రం అంగటికి నది అవతల నుంచి వచ్చే ముసలివాళ్లను అడుగుతూనే ఉంది. చెరుకు కొట్టడానికి ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఆడపిల్ల ఎవరైనా మీ ఊళ్లో ఉండేదా అని. గుర్తున్నవాళ్లు ఇంతవరకూ దొరకలేదు.