ఎడమ సీటు బరువు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివాక ‘చూశావా, చివరికి నువ్వూ దారికొచ్చావు’ అని ఎవరైనా అంటే వాళ్లతో పోట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నా పేరు సదానందం. మోటారు మెకానిక్‌ని. డెబ్బైల్లో హన్మకొండలో నాకొక రేకుల షెడ్డు ఉండేది. అంబాసిడర్లు, జీపులు, మార్కెట్‌కు పత్తి తెచ్చే లారీలు బాగుచేసేవాణ్ని. అది పొట్ట కోసం. పిచ్చి మాత్రం పాత కార్ల మీద.

కేసముద్రం అవతల ఒక ఊళ్లో, దొరలు వదిలేసి పోయిన గడీలో ఏదో కారు పడి ఉందని ఒక లారీ డ్రైవరు చెప్తే చూడటానికి వెళ్లాను. గడీ గోడలు సగం కూలాయి. వెనక కొట్టంలో, చిరిగిన టార్పాలిన్ కింద, ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాలంది. పొడవాటి ముక్కు, సైకిలు చక్రాల్లా సన్నని పుల్లలున్న చక్రాలు, గుడ్డ టాపు.

సాయుధ పోరాటం రోజుల్లో దొర కుటుంబం పట్నం పారిపోయిందట. అప్పటినుంచి కారు కదల్లేదు. ముప్ఫై ఏళ్లు అట్లా పడి ఉన్న కారు తుప్పు పట్టి పొడి పొడి కావాలి. కాలేదు. బానెట్ మీద, చక్రాల మీద పాత నూనె పొర గట్టిపడి కనిపించింది. ఎవరో ఏళ్ల తరబడి తుడుస్తూ వచ్చారు. ఎవరని నేను ఆరోజు అడగలేదు. వారసుల దగ్గర కాగితాలు రాయించుకుని, కారును లారీ మీద ఎక్కించుకొచ్చాను.

బాగుచేయడానికి మూడేళ్లు పట్టింది. దొరకని భాగాలు నేనే లేత్ మీద తీశాను. బాడీ లోపలి కర్ర చట్రం టేకుతో కొత్తగా చేయించాను. సీట్లకు తోలు కుట్టించాను. ముదురాకుపచ్చ రంగు వేశాను. ఒక రైస్‌మిల్లు ఆసామి పెళ్లి ఊరేగింపులకు తిప్పుకుంటానని అడిగితే ఇవ్వనన్నాను. దాన్ని నడిపేవాడికే ఇవ్వాలని నా పట్టుదల.

ఇంజను మొదటిసారి అందుకున్నాక, నేను హన్మకొండ నుంచి మడికొండ దాకా పోయి వచ్చిన మర్నాడు గమనించాను. కారు ఎడమవైపు వంగి ఉంది. రెండు వేళ్ల మందం.

కమాన్ పట్టీలు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీలు, సరిగా లేవనుకున్నాను. విప్పి పక్కపక్కన పెట్టి చూశాను. రెండువైపులవీ సమానం. కుడివి ఎడమకు, ఎడమవి కుడికి మార్చాను. మళ్లీ ఎడమవైపే కుంగింది. కొత్తవి కొట్టించాను. అదే కథ. ఛాసిస్ వంకరేమోనని దారం కట్టి, తాపీపనివాళ్ల మట్టపు గుండు వేలాడదీసి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. కింది చెక్కలు లేపి ఎక్కడన్నా ఇనుప ముక్క దాగి ఉందా అని వెతికాను. ఏమీ లేదు.

ఆఖరికి లారీలు తూచే కాంటా మీదికి ఎక్కించాను. కారుతో వచ్చే పుస్తకంలో రాసినదానికంటే అరవై కిలోల పైచిలుకు ఎక్కువ. కాంటా పది కిలోలు అటూ ఇటూ చూపిస్తుందేమోననుకుందాం. అరవై చూపించదు. ఎడమ చక్రాలొక్కటే పెట్టి తూచాను, తర్వాత కుడివి. ఎక్కువున్న బరువంతా ఎడమవైపే.

ఇంకొకటి. ఎడమ సీటు తోలు, ఎవరూ కూర్చోకుండానే, నెల రోజులకల్లా నడుమ గుంట పడి ముడతలు తేలింది. నేను రోజూ కూర్చునే డ్రైవరు సీటు ఇంకా బిగువుగానే ఉంది.

ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే మెకానిక్‌గా నాకే చిన్నతనం.

అప్పుడే ఒక ముసలావిడ షెడ్డుకు వచ్చింది. పొద్దున పది గంటలు. చేతిలో ఖాళీ గంప. మార్కెట్‌లో మిరపకాయలు అమ్మి, అడుగుతూ అడుగుతూ వచ్చిందట. పేరు ఎల్లమ్మ. ఆ గడీ ఊరే.

“దొరోల్ల కారు నీ కాడ నడుస్తాందట గద బిడ్డా. జర సూసి పోత.”

చూపించాను. చుట్టూ తిరిగింది. లైట్ల మీద చెయ్యి వేసింది. కూర్చో అమ్మా అని ఎడమ తలుపు తీశాను. ఆమె వెనక్కి జరిగింది.

“అటు గాదు బిడ్డా. అటు మనిషున్నడు గద.”

చెప్పడానికి సిగ్గేం లేదు, భయమేసింది. అయినా కోపమే ముందొచ్చింది. “ఎవలున్నరమ్మా? ఎవ్వలు లేరు” అని గట్టిగానే అన్నాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. కుడివైపు తిరిగొచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, పక్క సీటు మీద అరచెయ్యి ఒక్కసారి ఆనించి తీసింది. తర్వాత తన సంగతి చెప్పింది.

ఆమె భర్త ఐలయ్య ఆ గడీలో వెట్టి మనిషి. కారు తుడవడం, కడగడం ఆయన పని. ఒకరోజు దొర తమ్ముడు పొలం గట్టు మీద నిలబడి ఎవరితోనో మాట్లాడుతుంటే, కారు కాపలాకు నిలబడ్డ ఐలయ్య ఎండకు తాళలేక ఎడమ సీట్లో కూర్చున్నాడట. దానికి కొట్టం గుంజకు కట్టేసి కొట్టించారు. వీపు మానడానికి నెలలు పట్టింది.

“దొరలు పోయినంక కూసోలేదా మరి? అడిగెటోడు లేకపాయె గద” అన్నాను.

“కూసోలే. రోజు పోయి నూనెబట్ట ఏసి తుడిసొచ్చేటోడు. ఒక్కనాడన్న కూసో అని నేనే అన్న. ఎవలన్న పిలిస్తె కూసుంట గని, ఎవ్వలు లేనప్పుడు కూసుంటె దొంగతనమైతదే అన్నడు. గట్లనే పోయిండు.”

ఎప్పుడు పోయాడని అడిగాను. నేను కారు తెచ్చుకోవడానికి ఏడాది ముందు.

ఎల్లమ్మ గంప తీసుకుని వెళ్లిపోయింది. నేను ఆ రోజంతా పని చేయలేదు.

తర్వాత నెలలో హైదరాబాదు నుంచి కొనేవాళ్లు వచ్చారు. ఇద్దరు స్నేహితులు, ఇద్దరిదీ నా పిచ్చే. రాఘవరావు గారు రిటైరైన ఇంజనీరు. యూసుఫ్ సాబ్‌కు కుర్చీల దుకాణం. ఇద్దరూ కలిసి కొని, కలిసి నడుపుకుందామని వచ్చారు. బానెట్ తెరిచి రాఘవరావు గారు అరగంట ఇంజను మీదే వంగి ఉన్నారు. యూసుఫ్ సాబ్ ఇంజను చప్పుడు కళ్లు మూసుకుని విన్నాడు. ఇట్లాంటి వాళ్ల కోసమే కదా మూడేళ్లు ఆగింది అనుకున్నాను.

చెప్పకుండా అమ్మేయవచ్చు. కానీ సాటి పిచ్చివాళ్లకు లోపం దాచి బండి అంటగట్టడం నా వల్ల కాలేదు. “ఎడమవైపు వంగుతది. కారణం నాకు తెల్వదు” అన్నాను.

రాఘవరావు గారు నవ్వారు. ఆయనే స్వయంగా మళ్లీ అన్నీ చూశారు. కాంటాకు తీసుకెళ్లాం. ఎడమ సీటు ఊడదీసి కింద పెట్టి మళ్లీ తూయించారు. సీటు బరువు తగ్గింది, ఆ అరవై తగ్గలేదు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఇంక దాచి లాభం లేదని ఎల్లమ్మ చెప్పిందంతా, ఆమె మాటగానే, చెప్పాను.

“నేను నమ్మను. కానీ మా ఇంట్ల ఆడోళ్లకు తెలిస్తే కారును గేటు లోపలికి రానియ్యరు” అన్నారు రాఘవరావు గారు. “మాకు తెలిసిన భూతవైద్యుడు ఒకాయన ఉన్నడు. వచ్చి వెళ్లగొడ్తడు. ఆ పని అయినంక తీస్కపోతం.”

నేను వద్దన్నాను.

“నువ్వు నమ్మనంటివి కద సదానందం. మరి నీకేం అభ్యంతరం?”

మా అమ్మకు మూర్ఛలొచ్చేవి. నాకు ఏడేళ్లప్పుడు ఒక భూతవైద్యుడు వచ్చి, ఆమె జుట్టు పట్టుకుని, పోతవా పోవా అంటూ చింతబరికెతో కొట్టాడు. ఊరంతా చుట్టూ నిలబడి చూసింది. నేనూ చూశాను. అదంతా ఆయనకు చెప్పాను. చెప్పి అన్నాను: “సార్, అండ్ల ఎవ్వలు లేరు. ఒకవేళ ఉన్నా, ఒకసారి ఆ సీట్ల కూసున్నందుకు తన్నులు తిన్న మనిషి. రెండోసారి నా షెడ్డుల తన్నుల పడనియ్య. కారు మీకు వద్దంటె వద్దు, తుప్పు పట్టిపోనీ.”

యూసుఫ్ సాబ్ బీడీ ఆర్పి నా దగ్గరికొచ్చాడు.

“మేస్త్రీ, ఒక్క మాట. పిలిస్తెనే కూసుంటనన్నడు గద ఆయన. మరి ఎవలు పిలిచిండ్రు?”

నేను ఎడమ తలుపు వైపు చూశాను.

అప్పటిదాకా నాకు గుర్తే రాలేదు. ఇంజను మొదటిసారి అందుకున్న మధ్యాహ్నం పనివాళ్లు అన్నానికి పోయారు. నేనొక్కణ్నే ఉన్నాను. మూడేళ్ల కష్టం ఫలించిన సంతోషంలో ఏం చేయాలో తోచక, ఎడమ తలుపు తెరిచి, ఖాళీ షెడ్డులో గొంతెత్తి అరిచాను: ‘ఎవలన్న ఉంటె రాండ్రి! కూసోండ్రి! పోదాం!’ ఎవరూ రాలేదు. తలుపు వేసుకుని మడికొండ దాకా ఒక్కణ్నే పోయొచ్చాను.

అది చెప్పగానే యూసుఫ్ సాబ్ పెద్దగా నవ్వాడు. “ఇంకేంది మరి? నువ్వు పిలిచినవు, ఆయన వచ్చిండు. పిలిచినోన్ని ఎట్ల పొమ్మంటం? రావ్ సాబ్, మీ ఇంట్ల పెట్టకున్రి. మా ఇంట్ల పెడ్త.”

రసీదు మీద నేనే రాశాను: ‘ఎడమవైపు బరువు ఎక్కువ, కారణం తెలియదు.’ ముగ్గురం సంతకాలు చేశాం. యూసుఫ్ సాబ్ కారు నడిపాడు, రాఘవరావు గారు తమ జీపులో వెనక వెళ్లారు. ఎడమవైపు కాస్త వంగి, మధ్యాహ్నపు ఎండలో కారు హైదరాబాదు రోడ్డు పట్టింది.

ఏడాదిన్నర తర్వాత యూసుఫ్ సాబ్ ఉత్తరం రాశాడు. పాత కార్ల వాళ్లంతా కలిసి బందరు సముద్రం దాకా పోయారట. దారి పొడుగునా కారు వంగే ఉంది. ఇసుక దగ్గర ఆపి, ఉక్కకు రెండు తలుపులూ తీసిపెట్టి, కొబ్బరి నీళ్లు తాగడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి కారు సమానంగా నిలబడి ఉంది. తిరుగు దారిలో కాంటా కనిపిస్తే తూయించాడు. పుస్తకంలో రాసిన బరువే. ఆ కాంటా చీటీ కూడా ఉత్తరంతో పంపాడు.

ఉత్తరం పట్టుకుని ఎల్లమ్మ ఊరికి పోయాను. ఆమె వాకిట్లో మిరపకాయల తొడిమలు తుంచుతోంది. చదివి వినిపించాను. చెయ్యి ఆపలేదు.

“యాడ దిగిండంటివి బిడ్డా?”

“సముద్రం కాడ.”

“గంత దూరం పోయిండా, కార్ల కూసోని!” అంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు ఏడుపయ్యేదాకా నేను అక్కడే కూర్చున్నాను.

ఆ తర్వాత హైదరాబాదు పోయి కారును స్వయంగా చూశాను. పట్టీలు నేను వేసినవే, నా గుర్తులు వాటి మీద అట్లాగే ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు. ఆ అరవై కిలోలు ఎక్కడినుంచి వచ్చాయో, ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. ఎన్ని రకాలుగా లెక్కవేసినా తేలలేదు, ఇక తేలదు కూడా. కానీ ఐలయ్యను నా ముందు ఎవరైనా దయ్యం అంటే ఊరుకోను.