చప్పుడు చేయని సామాను

మా మామగారికి కళ్లు కనిపించవు. ఏడేళ్ల వయసులో జ్వరమొచ్చి చూపు పోయింది. తర్వాత పేము కుర్చీలు అల్లడం నేర్చుకుని, ఆ అల్లికతోనే ఇద్దరు పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేశారు. ఇప్పటికీ వేళ్లు ఊరుకోవు, ఒళ్లో ఏదో ఒక కుర్చీ ఉండాల్సిందే. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆయన మంచం దిగడం మానేశారని చెప్పగానే అందరూ "పెద్దాయన, వయసు మీద పడింది కదా" అని తేల్చి పారేస్తున్నారు. వయసూ లేదు, గియసూ లేదు. మేం ఇల్లు మారాం.

ముప్పై ఏళ్లు అద్దెకున్న ఇంటిని దాని యజమాని పడగొట్టి కొత్తది కట్టుకుంటానన్నాడు. నెల రోజులు గడువిచ్చాడు. మామగారు, మా ఆయన, నేను, కాలేజీకెళ్లే మా పిల్ల, నలుగురం సామాను మూటగట్టుకుని ఈ రెండో అంతస్తులో వచ్చి పడ్డాం. ఇదేం ఇల్లో, కట్టినవాడి బుర్రలో ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్లగ్గు ఉన్నచోట గోడ ఉండదు, గోడ ఉన్నచోట ప్లగ్గు ఉండదు. ఫ్రిజ్ వంటింట్లో పెడితే నేను పట్టను, నేను నిలబడితే ఫ్రిజ్ పట్టదు. బీరువా పడగ్గదిలో పెట్టామా, తలుపు సగమే తెరుచుకుంటుంది. నా చీరలన్నీ ఆ తెరుచుకోని సగంలో ఉన్నాయి.

నేను ఆస్పత్రిలో మందుల కౌంటర్లో పనిచేస్తాను. నిద్రలో లేపి అడిగినా ఏ మాత్ర ఏ అరలో ఉందో చెప్తాను. అలాంటిదాన్ని నా ఇంట్లో కత్తెర ఎక్కడుందో మూడు వారాలు వెతుక్కున్నాను. ఒళ్లు మండదూ? అందుకే రోజూ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూసేదాన్ని. ఏదీ కుదిరినట్టు ఉండేది కాదు.

"ఏవండీ, ఆ బీరువాకి ఒక్క చెయ్యి వేయండి."

"నిన్ననే కదే మార్చాం!"

"నిన్న మీకు బాగుంది. నాకు బాగోలేదు."

వచ్చిన రెండో రోజే ఒక గొడవైంది. బీరువాని ఈడ్చుకుంటూ హాల్లోకి తెస్తుంటే, కింద వాటాలో ఆయన మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఏమ్మా, ఇల్లు పీకి పందిరేస్తున్నారా? రాత్రంతా డ్యూటీ చేసొచ్చాను, మనిషి పడుకోవద్దా?" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? నాకే సిగ్గేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏదీ ఈడ్చకూడదని కట్టడి చేశాను. బీరువా అయినా సరే, బల్ల అయినా సరే, ముగ్గురం పట్టుకుని ఎత్తాలి, మెల్లగా అడుగులేయాలి, కిమ్మనకుండా దించాలి. మా ఆయనకి నడుం పట్టేసింది. మా పిల్ల అయితే "మనం కాపురానికొచ్చామా, దొంగతనానికొచ్చామా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంత హడావుడిలో మామగారి సంగతి ఎవరు పట్టించుకున్నారు గనక? మొదటి వారం ఆయన గోడ పట్టుకుని నడిచారు. రెండో వారం వచ్చేసరికి మంచం మీద నుంచే పిలుపులు మొదలయ్యాయి. "అమ్మాయ్, కాసిని మంచినీళ్లు." "అమ్మాయ్, బాత్రూం దాకా చెయ్యందిస్తావా?" పాత ఇంట్లో నేను లేచేసరికి అందరికీ టీ కాచి గ్లాసుల్లో పోసి ఉంచిన మనిషి ఈయన. మోకాళ్ల కింద నల్లగా కమిలిన మచ్చలు చూసి అడిగితే "మంచం కోడు తగిలిందిలే" అనేవారు. మంచానికి ఉన్నవి నాలుగు కోళ్లే. మచ్చలు లెక్కలేనన్ని. నేను ఆ లెక్క చూసుకోలేదు, అటు స్టవ్వు మీద కూర మాడుతోంది.

మా ఆయన కూడా తన తెలివితేటలు చూపించారు. సామాను కట్టి తెచ్చిన తాడు తీసుకుని మంచం నుంచి బాత్రూం తలుపు దాకా కట్టారు. "నాన్నా, దీన్ని పట్టుకుని వెళ్లిపో, అంతే!"

"నేనేమన్నా దూడనా, రా?" అన్నారు మామగారు. అయినా కొడుకు ముచ్చట పడ్డాడు కదా అని పట్టుకుని నడిచారు. మర్నాడు మా పిల్ల ఖాళీగా ఉన్న తాడే కదా అని దాని మీద తడిబట్టలు ఆరేసింది. ఆయన తాడు పట్టుకుని వెళ్లి, నా తడిచీరలో ముఖం పెట్టి, ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోయారు. మేం నవ్వాం. ఆయనా నవ్వారు. ఆ తర్వాత మంచం దిగలేదు.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. డ్యూటీ, వంట, ఈ మూటలు, పైగా రెండు నిమిషాలకోసారి "అమ్మాయ్". ఒకసారి నోరు పారేసుకున్నాను కూడా. "రెండు చేతులే ఉన్నాయి మావయ్యగారూ నాకు!" అన్నాను. ఆయన మంచినీళ్లు అడగడం తగ్గించేశారు. దాంతో నాకు ఇంకా చిర్రెత్తింది.

ఈ లోపల మా ఆడపడుచుకి సంగతి తెలిసింది. "నాన్నని నా దగ్గరికి పంపండి. మంచం మీదికే అన్నీ అందిస్తాను, కాలు కింద పెట్టే పనే ఉండదు. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను" అంది ఫోన్లో. మా ఆయన నా ముఖం చూశారు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఊపిరి ఆడినట్టయింది. మామగారు మాత్రం "సరే" అన్నారు. ఒక్క మాట. ఒళ్లోని కుర్చీని పక్కకి జరిపి, "లైబ్రరీ వాళ్ల కుర్చీ సగంలో ఉంది. తిరిగిచ్చేయండి. వేరే ఎవరితోనైనా అల్లించుకుంటారు" అన్నారు.

తీసుకున్న కుర్చీని సగంలో తిరిగిచ్చిన మనిషి కాదు ఆయన. కాలు కింద పెట్టే పనే లేని మంచం ఎక్కితే ఇక ఆయన దిగరని నాకు తెలుసు. తెలిసీ ఏం చేయాలో తోచలేదు.

శనివారం మాకు ఒంటిపూట. తాళం తీసి లోపలికి అడుగు పెట్టేసరికి మామగారు మంచం మీద లేరు. హాల్లో నేల మీద, మోకాళ్ల మీద ఉన్నారు. ఒక చేత్తో ఫ్రిజ్ మూల తడుముతున్నారు, ఇంకో చెయ్యి గోడకి ఆనించి జానలు కొలుస్తున్నారు. అక్కడి నుంచి బీరువా కాళ్లు, అక్కడి నుంచి స్టూలు. పెదవులు కదులుతున్నాయి. నా చెప్పుల చప్పుడు వినగానే దొంగలా సర్దుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారు మావయ్యగారూ?"

"ఏం లేదమ్మా. ఊరికే."

"ఊరికే మోకాళ్ల మీద పాకుతారా ఎవరైనా? చెప్పండి!"

ఆయన చేతులు దులుపుకుంటూ నెమ్మదిగా అన్నారు. "మీరు వెళ్లాక రోజూ ఇల్లు నేర్చుకుంటున్నానమ్మాయ్. సాయంత్రానికి వచ్చేస్తుంది. తెల్లారి లేచి నడిస్తే అది ఆ ఇల్లు కాదు. మీరు ఒక్కసారి మారారు. నేను ఈ మూడు వారాల్లో పదకొండు ఇళ్లు మారాను."

నేను సంచీ పక్కన పెట్టి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మరి పాత ఇంట్లోనూ సామాను జరిపేవాళ్లం కదా? అప్పుడెప్పుడూ ఇలా కాలేదే!"

"అక్కడ ఈడ్చేవారు. ఏది ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడ ఆగిందో మంచం మీదే విని తెలుసుకునేవాణ్ణి. ఇక్కడ ఎత్తి పెడుతున్నారు. చప్పుడే ఉండదాయె. బీరువా నిన్న కిటికీ దగ్గర ఉంటుంది, ఇవాళ నా కాలికి తగులుతుంది."

"అయ్యో, ఒక్క మాట అంటే ఏం పోయింది మీకు? నోరు లేదా?" అని అరిచాను. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"నీ ఇల్లు నీకు కుదరద్దూ? నీకు కుదిరాక నేర్చుకుందామనుకున్నాను. ఆ లోపల నాకు ఓపిక అయిపోయిందమ్మా. వెళ్లేముందు ఇంకొక్కసారి చూద్దామనిపించింది, అంతే."

నామీద నాకే అసహ్యం వేసింది. అరలో మందు ఒక్కటి ఎవరైనా చెప్పకుండా పక్కకి పెడితే కౌంటరు దద్దరిల్లేలా అరిచేది నేనే కదా.

మా ఆయన, పిల్ల వచ్చేదాకా ఆగి ఇద్దరినీ నిలబెట్టాను. "ఈ పూటతో ఆఖరు. అన్నిటినీ వాటి చోటికి చేరుస్తున్నాం. ఎత్తడానికి వీల్లేదు, ఈడవండి."

"కింద ఆయన పడుకుని ఉంటాడే!" అన్నారు మా ఆయన.

"తెలుసు. ఈడవండి."

మామగారు మంచం మీద నిటారుగా కూర్చున్నారు. ఫ్రిజ్ కీచుమంటూ కదిలింది. ఆయన తల దాని వెంట తిరిగింది. బీరువా గర్రున సాగి, చివరికి కిటికీకి సగం అడ్డంగా ఆగింది. అక్కడ నాకు బొత్తిగా నచ్చలేదు. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను. బల్ల, స్టూలు, చెప్పుల స్టాండు, ఒక్కొక్కటీ ఆగగానే ఆయన "ఊఁ" అన్నారు. ఒకసారి మా పిల్లతో "స్టూలు ఇంకో అడుగు వెనక్కి లాగమ్మా, అక్కడ నాకు దారి కావాలి" అన్నారు. మూడు వారాల్లో ఇల్లు సర్దడంలో ఆయన తనకి ఇలా కావాలని అడిగింది అదొక్కటే.

అప్పుడు తలుపు మీద దబదబా బాదుడు మొదలైంది. కింద ఆయనే, ఇంకెవరు! నేను వెళ్లబోయాను.

"ఆగు. నేను తీస్తాను" అన్నారు మామగారు.

మంచం దిగారు. మా ఆయన ముందుకి అడుగేస్తే చెయ్యి పట్టుకుని ఆపాను. గోళ్లు దిగేలా పట్టుకున్నాను కాబోలు, "అబ్బా" అన్నారు. మామగారు బల్ల దాటారు, బీరువా మూల దగ్గర ఒళ్లు కాస్త పక్కకి తిప్పారు, స్టూలుకి తగలకుండా వెళ్లారు. చెయ్యి ఎక్కడా చాచలేదు. బాదుడు ఆగలేదు, ఆయనా తొందరపడలేదు. గడియ తీశారు.

"ఏమండీ పెద్దాయనా!" ఆ మనిషి ఊగిపోతున్నాడు. "వీళ్లిలా చేస్తుంటే చూస్తూ కూర్చున్నారా? మీరైనా చెప్పొద్దూ?"

"నేనే చేయిస్తున్నాను బాబూ. తప్పు నాది. ఇంకొక్క మంచం మిగిలింది, పది నిమిషాలు ఓర్చుకో. ఇక మా చప్పుడు నీకు వినపడదు."

ఆ మనిషి మామగారిని ఎగాదిగా చూసి, గొణుక్కుంటూ దిగిపోయాడు. మామగారికి చూపు లేదన్న సంగతి అతనికి తెలియనే లేదు. నేను వంటింట్లోకి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. మా ఆడపడుచు. "రేపు పదింటికల్లా వస్తాం. నాన్న బట్టలు సర్దావా?"

"లేదు వదినగారూ. రేపు భోజనానికి రండి, చాలు. వచ్చాక మాత్రం బెల్లు మీద బెల్లు కొట్టకండి, ఒక్కసారి కొట్టి ఆగండి" అన్నాను. "తలుపు తీసేది మావయ్యగారు. ఆయన నడిచి రావాలి కదా."