సగం దాకా జారిన క్యారేజీ

ఆ రోజుల్లో గద్వాలలో నాకంటే అగ్గువకు లేతు మిషన్ కొన్నోడు లేడని ఇప్పటికీ గర్వంగనే చెప్పుకుంట. డిగ్రీ అయిపోయి నాయిన కిరాణా కొట్లో గల్లా పక్కన కూర్చున్న కాలం. ఇనుము చెక్కే పిచ్చి కొత్తగా పట్టింది. ఇరవై ఐదు వేలు చెప్పిన పాత చిన్న లేతును పద్నాలుగు వేలకు తెచ్చిన. ఎట్లంటే, ఉలిని మోసుకుంటూ బెడ్డు మీద, అంటే కింది పొడుగాటి ఇనుప దిమ్మె మీద, అటూ ఇటూ జరిగే క్యారేజీని చేత్తో ఊపిన. టక్కుమన్నది. ఒక్కో టక్కుకు వెయ్యి తగ్గించిన. (పదకొండు సార్లు. పన్నెండోసారి అమ్మేటాయన నా చెయ్యి పట్టుకున్నడు.) ఇంత వదులున్నదాన్ని ఎందుకు కొంటున్న అని ఆలోచించాల్సిన చోట, ఇంకా వదులుంటే బాగుండు అనుకున్న.

రెండోనాడే పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆమెది మగ్గం ఇల్లు. కండెలు చుట్టే రాట్నం కదురు వంగిపోయి పెండ్లి చీర నడుమల ఆగింది, వచ్చే ఆదివారం అప్పజెప్పాలె. కొత్త కదురు చేసియ్యమంటే, నాయిన ముందర, గంట పని అన్న. తీరా చూస్తే కడ్డీని పట్టుకొని తిప్పే చక్కు దగ్గరికి రాంగనే క్యారేజీ వణికింది. కడ్డీ చెరుకుగడ తీరుగ కణుపులు కణుపులైంది. మూడు కడ్డీలు గట్లనే పోయినయి.

ఇగ లేతు పనిలోనే ముసలైపోయిన చాచాను పిలిచిన. పని ఎప్పుడూ చక్కు దిక్కే నడుస్తది కాబట్టి బెడ్డు అక్కడ అరిగింది, ఆ కొసకు కొత్తదాని లెక్కనే ఉన్నదన్నడు. క్యారేజీ కింది పట్టీలు బిగిస్తే ఇక్కడ వణకదు, అక్కడ పట్టేస్తది. నీలం రంగు పూసి, ఎత్తున్న కాడల్లా గీకి, పొడుగంతా ఒక్క తీరు చేయాలె, మూడు వేలైతయన్నడు. (మా ఇంట్లో పుట్టినోళ్లకు సగం అడగడం తుమ్ములాంటిది, ఆపలేం.) "పదిహేను వందలిస్త చాచా" అన్న. చాచా అద్దాలు తుడుచుకొని, "సరే బేటా, పదిహేను వందల పని చేస్త" అన్నడు. ఎదుటోడు వెంటనే ఒప్పుకుంటే భయపడాలని నాయిన నేర్పిన పాఠం, గెలిచిన సంబురంలో యాదికి రాలే.

తెల్లారి కడ్డీ పెట్టిన. చక్కు దగ్గర చుక్క వణుకు లేదు. బెడ్డు నడుమకు రాంగనే క్యారేజీ గోడకు తగిలినట్టు ఆగింది. ఇంకా జానెడు కదురు మిగిలే ఉంది. చాయ్ హోటల్లో ఉన్న చాచా మీదికి ఉరికిన.

"చక్కు దిక్కు మంచిగ నడుస్తుందా, లేదా?"

"నడుస్తుంది చాచా."

"మరేంది పరేషాన్? సగమిచ్చినవ్, సగం చేసిన. ఆ దిక్కుది ఇయ్యాల రెండు వేలు."

నిన్న పదిహేను వందలే కదా అందామని నోరు తెరిచిన. హోటల్ బయట పెద్దమ్మ నిలబడి ఉంది, చేతిలో ఖాళీ కండె. కండెను అటూ ఇటూ తిప్పుతుంది. నోరు మూసుకున్న. జీవితంలో మొదటిసారి అడిగినంతకు ఒప్పుకున్న.

రెండు రోజులు గీకినంక క్యారేజీ ఆ కొస నుంచి ఈ కొసకు చిటికెన వేలితో జరిగింది. గురువారం పొద్దున కదురు పెద్దమ్మ చేతిలో పెట్టి రెండు వందలన్న. వంద చేతిలో పెట్టి, "చాలు తీ బిడ్డా" అని పోయింది. ఆదివారానికి చీర మడత పడింది.

ఇగ లెక్క. లేతు పద్నాలుగు వేలు. చాచాకు మొదట పదిహేను వందలు, తర్వాత రెండు వేలు. పాడైన కడ్డీలకు మూడు వందలు. పెద్దమ్మ ఇచ్చిన వంద తీసేస్తే పదిహేడు వేల ఏడు వందలు. అందులో ఐదు వందలు నేను బేరమాడినందుకు పడ్డ ఖర్చు. దాన్నెట్లన్నా తగ్గించుకోవచ్చా అని ఇన్నేండ్లైనా చూస్తనే ఉన్న.